ఋషికుల్య తీరాన తాబేళ్ల సంరక్షణ

ఒడిశాలోని గంజాం జిల్లాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలాదిగా ఒకేసారి ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయని 1994లో శాస్త్రలోకానికి తెలియజేసినవారు వన్యప్రాణి శాస్త్రవేత్త బివాష్ పాండవ్. మన తెలుగు మత్స్యకార కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్న తీరమిది.

ఇక్కడి శాస్త్రవేత్తల పని ప్రధానంగా రాత్రివేళలో సాగుతుంది. ఒడ్డుకు వచ్చిన తాబేళ్లను లెక్కించి, కొన్నింటి ముందరి తెడ్డుకాలికి సంఖ్య గల లోహపు బిళ్ల తగిలిస్తారు. ఒడిశాలో బిళ్ల వేసిన తాబేళ్లు శ్రీలంక వద్ద దొరకడంతో వాటి సుదీర్ఘ ప్రయాణం రుజువైంది.

తాబేలు ఊపిరితిత్తులతో శ్వాసించే ప్రాణి. ట్రాలర్ వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక మరణిస్తుంది. అందువలన ఋషికుల్య, దేవి, ధామ్రా నదీముఖాల వద్ద ఏటా నవంబరు 1 నుండి మే 31 వరకు, తీరం నుండి 20 కిలోమీటర్ల లోపు మరపడవల వేటను నిషేధిస్తున్నారు. తాబేళ్లకు రక్షణనిచ్చే ఈ ఏడు నెలలే జాలరి కుటుంబాలకు కష్టకాలం. వారి జీవనోపాధికి తగిన ఆదరువు కల్పించనిదే ఈ నిషేధం నిలువదు.

గుడ్లు పెట్టిన సుమారు 45 నుండి 60 రోజులకు పిల్లలు ఇసుకలోనుండి వెలువడతాయి. వెలుతురు ఉన్న దిక్కుగా పాకడం వాటి స్వభావం. ఊరి దీపాలు వెలుగుతుంటే సముద్రాన్ని విడిచి ఊరివైపు మళ్లి, కుక్కలకు, కాకులకు ఆహారమవుతాయి. ఆ రోజులలో తీరంవైపు దీపాలు ఆర్పడం, కుక్కలను తరమడం, దారితప్పిన పిల్లలను అలల వద్దకు చేర్చడం పల్లెవాసుల సహకారం లేనిదే జరగని పనులు. నేడు కాపాడిన ఈ పిల్లలే పెద్దవై, గుడ్లు పెట్టడానికి ఈ తీరాలకు తిరిగి రావలసినవి.