ప్లగ్గుపై నూనె: లోపలిదా? వెలుపలిదా?

మోటారుబండి మరమ్మతు సంగతులు స్త్రీల పత్రికయందు ఏల యని కొందరు సోదరీమణులు ప్రశ్నింపవచ్చును. బండి ఇంటిసొత్తు, దాని మరమ్మతునకగు వ్యయము ఇంటిపద్దులోనిదే. పిల్లలను బడికి దించుటకును, పెద్దలను వైద్యునియొద్దకు తీసికొనిపోవుటకును నేడు మనలో ననేకులు స్వయముగా బండి నడపుచున్నారు. ఇది క్రొత్త సంగతియు గాదు. 1888వ సంవత్సరము ఆగస్టు నెలలో జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను నామె, తన భర్త నిర్మించిన మోటారుబండిపై, అతనికి చెప్పకయే, కుమారులిద్దరిని వెంటబెట్టుకొని మాన్‌హైమ్ నగరమునుండి ఫోర్ట్‌స్‌హైమ్ వరకు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించెను. దారిలో ఇంధనపు గొట్టము పూడుకొనిపోగా, టోపీకి గుచ్చుకొను సూదితో ఆమెయే దానిని శుభ్రపరచెనని చెప్పుదురు. కావున బండిలోపమును కనిపెట్టుట మనకు తగని పని యని యెవ్వరును సంకోచింపనక్కరలేదు.

గడచిన వర్షకాలమున మా యింట జరిగిన సంగతి చెప్పెదను. మాది తొమ్మిదేండ్లు వాడిన పెట్రోలు బండి. ఒకనాటి ఉదయము స్టార్టు చేయగానే ఇంజను వడకసాగెను. వంతెన యెక్కునప్పుడు పికప్పు తగ్గెను. ఎదుటి పలకపై పసుపుపచ్చని ఇంజను దీపము వెలిగెను. మావారు ఉద్యోగరీత్యా పొరుగూర నుండుటచే నేనే బండిని షెడ్డునకు తీసికొనిపోతిని. అచ్చటి మెకానిక్కు ఒక ప్లగ్గును ఊడదీసి నా కన్నులయెదుట పట్టెను. అది ఆపాదమస్తకము నూనెతో తడిసి మెరయుచుండెను. “రింగులు పోయినవమ్మా. ఇంజను దింపవలసినదే. రూ. 55,000 సిద్ధము చేసికొనుడు” అని యతడు చెప్పెను. అప్పుడు మా చేతనున్న సొమ్ము అమ్మాయి కళాశాల రుసుమునకై యేడాదిగా కూడబెట్టినది. బండి లేక గడవదు; రుసుము కట్టక తప్పదు. ఏమి చేయుటకును తోచక ఇంటికి వచ్చితిని.

ఆ రాత్రి మా మేనమామగారికి ఫోను చేసితిని. వారు విజయవాడలో ముప్పది యేండ్లు పెట్రోలు కార్ల మరమ్మతు చేసి, ఇప్పుడు విశ్రాంతి తీసికొనుచున్నారు. నా మాటలన్నియు విని వారు ఒక్క ప్రశ్న వేసిరి. “అమ్మాయీ, నూనె ప్లగ్గునకు ఏ కొసనున్నది? కాయిలు తగిలించు పైకొసనా, రవ్వ పుట్టు క్రిందికొసనా?” నేను విడదీసి చూడలేదంటిని. “అది చూడకయే ఇంజను దింపింతువా?” అని వారు నవ్విరి. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెదకుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ప్లగ్గు చేయు పని

పెట్రోలు ఇంజనులో సాధారణముగా సిలిండరున కొక్కటి చొప్పున స్పార్కుప్లగ్గులుండును. పిస్టను పైకి వచ్చి, గాలిని పెట్రోలును కలిపి యదిమిపట్టిన సమయమున, కాయిలునుండి వేలకొలది వోల్టుల విద్యుత్తు ప్లగ్గునకు చేరి, దాని క్రిందికొసనున్న రెండు లోహపు ముక్కల నడుమ నిప్పురవ్వగా దుముకును. ఆ సందు ఇంచుమించుగా ఒక్క మిల్లీమీటరు మాత్రమే. ఆ రవ్వ అంటించిన మంటయే పిస్టనును క్రిందికి నెట్టి బండిని నడపును. ప్లగ్గు నడుమనున్న తెల్లని పింగాణి విద్యుత్తును ప్రక్కదారి పట్టనీయక కాపాడును.

దీపపు వత్తి నూనెను కొంచెము పీల్చి వెలుగును. నూనెలో నిండ మునిగినచో ఆరిపోవును. ప్లగ్గునకైతే నూనె బొత్తిగా పనికిరాదు. నూనె మాడి పింగాణిపై బొగ్గుపొరగా పేరుకొన్నచో, విద్యుత్తు సందు దుముకుట మాని ఆ పొరవెంట జారిపోవును. అంతట రవ్వ పుట్టదు, ఆ సిలిండరు పని మానును, ఇంజను వడకును. దీనినే మెకానిక్కులు ‘మిస్ అగుచున్నది’ అందురు. డీసిలు బండ్లకును, బ్యాటరీతో నడచు విద్యుత్తు బండ్లకును ఈ ప్లగ్గులు లేవు, పెట్రోలు, సి.ఎన్.జి. బండ్లకు కలవు.

రెండు త్రోవలు

నేటి బండ్లలో ప్లగ్గులు పలువిధములైన ఇంజనులయందు బావివంటి లోతైన గొట్టముల అడుగున నుండును. ఇంజను తలపైనున్న మూతను మన మెకానిక్కులు ట్యాపెట్ కవరు అందురు. ఆ మూత క్రింద నెల్లప్పుడు నూనె చిమ్ముచుండును. మూత అంచునకు రబ్బరు ప్యాకింగును, ప్లగ్గుబావుల చుట్టు రబ్బరు సీళ్లును అమర్చబడియుండును. ఏండ్ల తరబడి వేడికి ఆ రబ్బరు గట్టిపడి, బీటలువారి, నూనెను బావిలోనికి దిగనిచ్చును. ఇది వెలుపలి నూనె. ఇది ఇంజను కడుపులోనికి పోదు. కాని కాయిలు క్రింది రబ్బరుతొడుగును మెత్తబరచి చెరచును. అంతట విద్యుత్తు ఆ తొడుగును చీల్చుకొని ప్రక్కకు పారిపోవును. దీనికి చికిత్స సులభము.

రెండవ త్రోవ లోపలిది. మంట మండు గదిలోనికే నూనె దిగుట. పిస్టను రింగులు అరిగిననో పట్టుకొనిపోయిననో క్రిందినుండి నూనె పైకెక్కును. వాల్వుల కాడలకున్న సీళ్లు గట్టిపడినచో పైనుండి దిగును. ఇంజను అడుగున చేరు ఆవిరులను మరల లోనికి పంపు పి.సి.వి. వాల్వు పూడుకొన్నను, నూనె హద్దు మీరి పోసినను, పెట్రోలు గాలితోడనే నూనె తుంపరలు లోనికి పోవును. రింగుల పని మాత్రమే ఇంజను దింపవలసిన పని. పి.సి.వి. వాల్వు మార్చుట, ఎక్కువైన నూనె తీయించుట అల్పవ్యయముతో తీరును. కావున లోపలి నూనె యని తేలినను వెంటనే రింగులనుట తొందరపాటు.

చూచు విధము

ఇంజను పూర్తిగా చల్లారిన పిదప, తాళపుచెవి తీసి, పని మొదలుపెట్టవలెను. ఇంజను నడచుచుండగా కాయిళ్లను తాకరాదు. అందలి విద్యుత్తు ప్రమాదకరము. కాయిళ్లు తీయునప్పుడు ఏది యే సిలిండరుదో వరుస తప్పకుండ నుంచవలెను. ప్లగ్గుపానా వేయుటకు ముందే దీపము వెలుగున బావిలోనికి చూడుడు. నూనె నిలిచియున్నచో పుల్లకు చుట్టిన శుభ్రమైన గుడ్డతో నూనెయంతయు అద్దితీయవలెను. దుమ్మును ఊదివేయవలెను. ఈ మెట్టే అన్నిటికంటె ముఖ్యము. ఇది మరచి ప్లగ్గు విప్పినచో, బావిలోని నూనె మరలవెంట జారి క్రిందికొసను కూడ తడుపును. వెలుపలి నూనె లోపలి నూనెవలె కనబడి మోసపుచ్చును. దుమ్ము ఇంజనులో పడి గీతలు పెట్టుటయు సంభవించును.

ప్లగ్గులు తీసి, తెల్లని గుడ్డపై సిలిండరుల వరుసనే పరచి చూడుడు. పొయ్యిమీది పాత్ర మసిని చూచి మంట తీరు గ్రహించు మనకు ఈ పరీక్ష కష్టము గాదు. క్రిందికొస లేత గోధుమవన్నెగనో బూడిదవన్నెగనో పొడిగా నున్నచో సిలిండరు ఆరోగ్యముగా నున్నది. వ్రేలికి పొడిగా అంటు నల్లనిమసి పెట్రోలు హెచ్చుటకో, గాలివడపోత పూడుటకో గుర్తు; అది నూనె పని గాదు. తడిసి పెట్రోలు వాసన కొట్టినచో పెట్రోలు మండలేదని యర్థము. నల్లగా, జిడ్డుగా, మెరయుచు, మాడిన నూనె గట్టిపెచ్చులు కట్టియున్నచో అది లోపలి నూనె. పైభాగమున మాత్రమే తడి యుండి, క్రిందికొస పొడిగా నున్నచో అది వెలుపలిది.

ఒక్క ప్లగ్గే తడిసినచో దోషము సాధారణముగా ఆ సిలిండరునకు చేరినది. అన్నియు సమానముగా తడిసినచో పి.సి.వి. వాల్వును, డిప్‌స్టిక్కుపై నూనె మట్టమును ముందు చూడవలెను. పొగయు సాక్ష్యము చెప్పును. రాత్రియంతయు నిలిచిన బండి స్టార్టు చేయగానే కొంతసేపు నీలిపొగ వచ్చి తగ్గినచో వాల్వు సీళ్లను అనుమానింపవలెను. వేగము హెచ్చించునప్పుడెల్ల నీలిపొగ వచ్చినచో రింగులను అనుమానింపవలెను.

అనుమానము నిర్ణయమగుటకు కంప్రెషను పరీక్ష చేయింపవలెను. ప్లగ్గు రంధ్రమున గడియారమువంటి పరికరము బిగించి, సిలిండరులోని ఒత్తిడిని కొలుతురు. ఒకదానియందు తక్కువగా నున్నచో, అందులో ఒక చిన్న చెమ్చాడు నూనె పోసి మరల కొలుతురు. నూనె రింగుల సందులను తాత్కాలికముగా మూయును. కావున ఒత్తిడి పెరిగినచో రింగులదే దోషము. పెరగనిచో వాల్వులనో, హెడ్డు గ్యాస్కెట్టునో చూడవలెను. వాల్వుకాడల సీళ్లు మాత్రమే చెడినప్పుడు ఒత్తిడి సరిగానే యుండవచ్చును. ఇంజను దింపుడనువారిని ఈ పరీక్షాఫలము కాగితముపై వ్రాసి యిమ్మని మర్యాదగా అడుగుట మన హక్కు.

బాగుచేయుట

వెలుపలి నూనెకు ట్యాపెట్ కవరు ప్యాకింగును, బావుల సీళ్లను కలిపి మార్పింపవలెను. ఒకటి మార్చి మరియొకటి విడిచినచో మరల అదే తంటా. బోల్టులను నడుమనుండి అంచులవైపునకు, కొంచెము కొంచెముగా బిగింపవలెను. మెత్తబడిన కాయిలు తొడుగులను మార్పింపవలెను. ప్లగ్గును మొదట చేతితోనే తిప్పి ఎక్కింపవలెను. అల్యూమినియపు మరలు మెత్తనివి, వంకరగా ఎక్కినచో చెడును. బిగింపు కొలత బండి పుస్తకములో నుండును. ఇరిడియము, ప్లాటినము కొసల ప్లగ్గులను ఇనుపబ్రష్షుతో తోమరాదు.

లోపలి నూనెకు ప్లగ్గులు మార్చుట చికిత్స గాదు. కొన్నాళ్లకే క్రొత్తవియు తడియును. చిక్కని నూనె పోయుట రోగమును దాచుటయే. ఆలస్యమును చేయరాదు. నూనె మండుచున్నకొలది ఇంజనులో తరిగిపోవును. అది చాలనినాడు ఇంజను పట్టుకొనిపోవును. మండని పెట్రోలు పొగగొట్టములోని క్యాటలిటిక్ కన్వర్టరునకు చేరి దానిని మితిమీరి వేడెక్కించి చెరచును. అందులో ప్లాటినము, పల్లేడియము, రోడియము వంటి విలువగల లోహములుండుటచే దానిని మార్చుట మిక్కిలి వ్యయమైన పని. ఇంజను దీపము మినుకుమినుకుమనుచున్నచో బండిని సురక్షితమైన చోట వెంటనే ఆపుట మేలు.

మా బండి సంగతి

మరునాడు నేను ఆ షెడ్డునకే పోయి, మామయ్యగారు చెప్పినట్లు మిగిలిన మూడు ప్లగ్గులను నా యెదుట తీయుమంటిని. ముందు బావులను గుడ్డతో అద్దుమంటిని. రెండు బావులలో నూనె యుండెను. అద్ది తీసిన పిదప వచ్చిన మూడు ప్లగ్గుల క్రిందికొసలును లేత గోధుమవన్నెతో పొడిగా నుండెను. మొదటిదానిని కూడ తుడిచి చూడగా, తడి క్రింద అదే వన్నె. కంప్రెషను నాలుగింటను ఇంచుమించు సమానముగా నుండెను. మెకానిక్కు తల గోకికొని, “తొందరపడితినమ్మా. తడి చూచితిని గాని కొస చూడనైతిని” అనెను. అతని మాటలో కపటము నాకు కనబడలేదు. మరమ్మతును అతనిచేతనే చేయించితిని. ప్యాకింగు, సీళ్లు, రెండు తొడుగులు, నాలుగు క్రొత్త ప్లగ్గులు, కూలియు కలిపి, ముందు చెప్పిన మొత్తములో పదియవవంతు కూడ కాలేదు. పదునైదు దినముల తరువాత మరల చూచితిమి. బావులు పొడిగానే యున్నవి. అమ్మాయి రుసుము గడువులోపలనే కట్టితిమి.

సోదరీమణులారా! అందరి బండ్లకును ఇట్టి అదృష్టమే పట్టునని నేననను. కొన్నిటికి రింగులే పోయియుండును. అప్పుడు పెద్ద వ్యయము తప్పదు. అయినను, చూచి తెలిసికొని పెట్టు వ్యయము వేరు, భయపడి పెట్టు వ్యయము వేరు. ప్లగ్గు చేతికి వచ్చినప్పుడు మీరు అడుగవలసిన మాట యొక్కటే: నూనె ఏ కొసనున్నది?