తుఫాను రక్షణ గది

తుఫాను రక్షణ గది అనగా పెనుగాలి, గాలివాన, వడగళ్ళ సమయంలో ఒక కుటుంబం తలదాచుకొనుటకు సొంత స్థలంలో గట్టిగా నిర్మించుకొనే చిన్న గది. ఇది విడిగా కట్టినది కావచ్చును, లేదా ఇంటిలోని ఒక గదినే బలపరచినది కావచ్చును. కోస్తా గ్రామాలలో ప్రభుత్వం నిర్మించిన తుఫాను రక్షణ భవనాలు ఊరంతటికీ ఉద్దేశించినవి. ఇది ఒక ఇంటికి పరిమితమైనది. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల వంటి కృష్ణా మెట్ట ప్రాంతంలో ఈ గది గాలిని తట్టుకొనుటతో పాటు వరద నీటికి అందని ఎత్తులో ఉండటం కూడా ముఖ్యం.

నేపథ్యం

1977 నవంబరు 19న వచ్చిన దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా మరణించారు. ఆ తరువాత కోస్తా గ్రామాలలో రక్షణ భవనాల నిర్మాణం ఊపందుకున్నది. వీటిలో చాలావాటిని స్తంభాలపై ఎత్తుగా కట్టి, ఉప్పెన నీరు క్రిందుగా సాగిపోయే ఏర్పాటు చేశారు. మామూలు రోజులలో ఇవి పాఠశాలలుగా, సమావేశ స్థలాలుగా ఉపయోగపడుతున్నవి. ప్రపంచ బ్యాంకు సహాయంతో 2011లో మొదలైన జాతీయ తుఫాను ముప్పు తగ్గింపు పథకం క్రింద కూడా ఆంధ్ర ప్రదేశ్, ఒడిషా తీరాలలో ఇటువంటి భవనాలు నిర్మించబడినవి.

జగ్గయ్యపేట, నందిగామ సముద్ర తీరానికి సుమారు 100 కిలోమీటర్లు, అంతకు పైబడిన దూరంలో ఉన్నవి. పూర్వం కృష్ణా జిల్లాలో ఉన్న ఈ ప్రాంతాలు 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్టీఆర్ జిల్లాలో భాగమైనవి. ఇక్కడికి ఉప్పెన రాదు. తీరం దాటిన తుఫాను కూడా ఇక్కడికి చేరుసరికి చాలావరకు బలహీనపడుతుంది. అయినను ఈ ప్రాంతానికి రెండు ప్రమాదాలు ఉన్నవి.

* గాలివాన: వేసవిలో, ముఖ్యముగా ఏప్రిల్, మే నెలలలో, క్యుములోనింబస్ మేఘాల వలన హఠాత్తుగా ఈదురు గాలులు, పిడుగులు, వడగళ్ళు వస్తాయి. తుఫాను రాకను రోజుల ముందే చెప్పగలరు. గాలివానకు అంత వ్యవధి ఉండదు. దూరాన ఉన్న భవనానికి వెళ్ళే సమయం దొరకదు కనుక ఇంటివద్దనే రక్షణ అవసరమవుతుంది.
* వరద: కృష్ణా నది, దాని ఉపనదులైన మున్నేరు, పాలేరు ఈ ప్రాంతం గుండా ప్రవహిస్తున్నవి. 2023 జూలైలో మున్నేరు పొంగి నందిగామ సమీపంలోని ఐతవరం వద్ద హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారిని ముంచెత్తినది. 2024 సెప్టెంబరు 1న కళింగపట్నం సమీపంలో తీరం దాటిన వాయుగుండం ఈ ప్రాంతానికి ఎంతో దూరంగా ఉన్నప్పటికీ ఇక్కడ కుండపోత వర్షం కురిసినది. ఖమ్మం మీదుగా మున్నేరుకు పెద్ద వరద వచ్చినది. మరునాడు ప్రకాశం బ్యారేజి వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరినది. అది తుఫాను కాదు, వాయుగుండం మాత్రమే.

గాలి బలం

భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐ.ఎస్. 875 మూడవ భాగం భవనాల రూపకల్పనకు విజయవాడలో సెకనుకు 50 మీటర్లు (గంటకు 180 కి.మీ.), హైదరాబాదులో 44 మీటర్లు (గంటకు సుమారు 158 కి.మీ.) ప్రాథమిక గాలివేగంగా నిర్ణయించినది. ఈ ప్రాంతం ఆ రెండు నగరాల మధ్యన, విజయవాడకు దగ్గరగా ఉన్నది.

గాలి వేగం రెట్టింపైతే దాని ఒత్తిడి నాలుగు రెట్లు అవుతుంది. సెకనుకు 50 మీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి కలిగిస్తుంది. పైకప్పు మీదుగా వీచేటప్పుడు గాలి దానిని పైకి లాగుతుంది. ఈ లాగుడు చూరుల వద్ద, మూలల వద్ద ఎక్కువ. సిమెంటు రేకు చదరపు మీటరుకు సుమారు 15 కిలోలే తూగుతుంది కనుక బిగింపు సడలిన వెంటనే ఎగిరిపోతుంది. 5 అంగుళాల కాంక్రీటు స్లాబు 300 కిలోలకు పైగా తూగుతుంది. అందువలన రక్షణ గదికి స్లాబు తప్పనిసరి.

నేలమాళిగ ఎందుకు తగదు

అమెరికాలో టోర్నడోల నుండి కాపాడుకొనుటకు ఇంటి ప్రక్కన నేలమాళిగ త్రవ్వుకొనే అలవాటు ఉన్నది. మెట్ట ప్రాంతానికి ఈ పద్ధతి పనికిరాదు. ఇక్కడ పెనుగాలి వెంట భారీ వర్షం వస్తుంది. నేలమాళిగలోకి నీరు చేరితే ఆశ్రయమే ప్రాణాంతకమవుతుంది. పైగా నందిగామ పరిసరాలలోని నల్లరేగడి నేల తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు బీటలు వారుతుంది. ఈ ఉబ్బు భూమి లోపలి గోడలను ప్రక్కనుండి నెట్టి పగులగొడుతుంది.

నిర్మాణం

తక్కువ ఎత్తు గల ఇళ్ళను తుఫాను తట్టుకొనేలా చేయుటకు ఐ.ఎస్. 15498 (2004)లో మార్గదర్శకాలు ఉన్నవి. ముఖ్యాంశాలు ఇవి:

* స్థలం: వాగు గట్టున, పల్లంలో కట్టరాదు. పెద్ద చెట్లు, విద్యుత్ స్తంభాలు, నీళ్ళ ట్యాంకులు కూలినచో గదిపై పడనంత దూరం ఉండవలెను.
* ఎత్తు: ఊరిలో ఇంతవరకు వచ్చిన అతి పెద్ద వరద గుర్తును పెద్దలను అడిగి తెలుసుకొని, గది నేలమట్టం దానికి కనీసం 2 అడుగులు పైన ఉండునట్లు చూడవలెను. స్లాబు పైకి బయటినుండి మెట్లు ఉంచుట మేలు.
* పునాది: నల్లరేగడిలో మామూలు పునాది కదులుతుంది. రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన, అడుగున ఉబ్బు గల పైలు పునాది ఇటువంటి నేలకు తగినది. దీనిని సాధారణంగా 3 నుండి 3.5 మీటర్ల లోతుకు దించుతారు.
* గోడలు: సిమెంటుతో కట్టిన 9 అంగుళాల ఇటుక గోడ, నాలుగు మూలలా కాంక్రీటు పిల్లర్లు ఉండవలెను. ప్లింత్, లింటెల్, స్లాబు మట్టాలలో చుట్టూ కాంక్రీటు బీములు వేయవలెను. పునాది నుండి స్లాబు వరకు ఇనుప చువ్వలు తెగకుండా సాగాలి.
* తలుపు: లోపలికి తెరచుకొనేది మంచిది, బయట శిథిలాలు పడినా తీయవచ్చును. మూడు బందులు, పైన, మధ్యన, క్రింద మూడు గడియలు బిగించవలెను.
* గాలి మార్గం: ఎదురెదురు గోడలకు పైభాగాన చిన్న కిటికీలు, వాటికి చెక్క తలుపులు ఉండాలి. తుఫాను కదిలేకొద్దీ గాలి దిశ మారుతుంది కనుక ఏ గోడా సురక్షితమని భావించరాదు.

10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల గదిలో ఐదారుగురు ఒక రాత్రి గడపవచ్చును. చువ్వల పరిమాణం, పునాది లోతు స్థలాన్ని బట్టి ఇంజనీరు నిర్ణయించవలెను. నిర్మాణానికి గ్రామ పంచాయతీ లేదా పురపాలక సంఘం అనుమతి పొందవలెను.

స్లాబు ఇల్లు ఉన్నవారు కొత్త గది కట్టనవసరం లేదు. పెద్ద కిటికీలు లేని లోపలి గదికి తలుపు, గడియలు బలపరిస్తే సరిపోవచ్చును. పూరిళ్ళు, రేకుల ఇళ్ళు, మట్టిగోడల ఇళ్ళలో నివసించేవారికే విడి గది అవసరం ఎక్కువ.

వాడకం

ఈ గదిని పడకగదిగానో, పూజగదిగానో నిత్యం వాడుకొనుట మంచిది. సామాను కొట్టుగా మారిన గదిలో ఆపద వేళ చోటు దొరకదు. త్రాగునీరు, టార్చిలైటు, రేడియో, మందులు, పట్టాదారు పాసు పుస్తకం వంటి పత్రాలు నీరు చొరని సంచిలో అక్కడే ఉంచవలెను. పిడుగులు పడునప్పుడు ఇనుప కిటికీ ఊచలను, నీటి గొట్టాలను, విద్యుత్ తీగలను తాకరాదు. తుఫాను కేంద్రం ఊరి మీదుగా సాగినపుడు గాలి కొంతసేపు ఆగి, తిరిగి ఎదురు దిశ నుండి వీస్తుంది. అందువలన అధికారులు చెప్పేవరకు బయటకు రారాదు.

పరిమితులు

ఈ గది గాలి నుండి కాపాడుతుంది. నది నుండి కాపాడదు. పెనుగంచిప్రోలు వంటి మున్నేరు తీర గ్రామాలలోను, కృష్ణా ఒడ్డు గ్రామాలలోను వరద హెచ్చరిక వెలువడినప్పుడు ఎంత గట్టి గది ఉన్నా ఇల్లు విడిచి పునరావాస కేంద్రానికి వెళ్ళవలెను. రహదారి మునిగిన తరువాత బయలుదేరుట ఇంట్లో ఉండుట కంటె ప్రమాదకరం.

ఇవి కూడా చూడండి

* దివిసీమ ఉప్పెన
* మున్నేరు
* నందిగామ
* జగ్గయ్యపేట