అమ్మా, నేనూ, కొల్లేరూ

మా అమ్మకు వచ్చిన హిందీ అంతా కలిపి పది మాటలుంటే గొప్ప. అయినా దూరదర్శన్‌లో "సురభి" వచ్చినన్నాళ్ళూ ఆవిడ ఒక్క వారం మానలేదు. వంటిల్లు సర్దుకుని, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి టీవీకి ఎదురుగా చాప మీద కూర్చునేది. సిద్ధార్థ కాక్ ఏమంటున్నాడో, రేణుకా శహాణే ఎందుకు నవ్విందో తెనిగించి చెప్పడం నా ఉద్యోగం. నాది తొమ్మిదో తరగతి హిందీ. అందులోనూ పాసు మార్కుల హిందీ. తెలియని చోట సొంత కవిత్వం కలిపేదాన్ని. అమ్మ నమ్మేది. ఈ విధంగా భారతదేశ సంస్కృతిని గురించి మా అమ్మకు తెలిసిన విషయాల్లో కొన్ని తాడేపల్లిగూడెంలో నేను తయారుచేసినవే!

1990లో మొదలై, మధ్యలో ఒక ఏడాది ఆగి, 2001 దాకా నడిచిన కార్యక్రమం అది. అందులో ఒక ప్రశ్న వేసేవారు. జవాబు కార్డు మీద రాసి పంపితే, అదృష్టం బాగున్నవాళ్ళకు దేశంలో ఏదో ఒక చోటికి ప్రయాణం బహుమతి. 1993లో ఒకే ఒక్క వారంలో పధ్నాలుగు లక్షలకు పైగా ఉత్తరాలు వచ్చి పడ్డాయి. లిమ్కా వారి రికార్డుల పుస్తకానికి కూడా ఎక్కింది ఆ సంగతి. పదిహేను పైసల కార్డులు బస్తాలకు బస్తాలు మోయలేక తపాలా శాఖ వారు పోటీల కోసం విడిగా రెండు రూపాయల కార్డు పెట్టారు. "కార్డు ముక్కకు రెండు రూపాయలా!" అన్నారు నాన్నగారు. అమ్మ మాట్లాడకుండా పోపులపెట్టెలోంచి తీసి నా చేతిలో పెట్టేది. ఆ రూపాయలకు ఎప్పుడూ ఇంగువ వాసన.

"బహుమతి వస్తే ఎక్కడికి వెడతావమ్మా?" అని అడిగాను ఒకసారి. కాశ్మీరమో, తాజమహలో అంటుందనుకున్నాను.

"కొల్లేరు" అంది.

నాన్నగారు పడీ పడీ నవ్వారు. గూడెం నుంచి కొల్లేటికి వెళ్ళడానికి దూరదర్శన్ వాళ్ళు డబ్బివ్వాలా అని. నేనూ నవ్వాను. కాని ఆలోచిస్తే అమ్మ మాటలో న్యాయం ఉంది. కాశీ అంటే ఇల్లంతా కదిలి బయలుదేరుతుంది. పక్కనే ఉన్నదాన్ని చూపించడానికి ఎవరు తీసుకువెడతారు? రేపు వెళ్ళచ్చు, ఎల్లుండి వెళ్ళచ్చు అనుకుంటూ ఉండగానే ముప్ఫై ఏళ్ళు గడిచిపోయాయి. నాన్నగారూ వెళ్ళిపోయారు.

అమ్మ చిన్నతనం కొల్లేటి పక్క లంకల్లో గడిచింది. మా తాతగారు అక్కడ బడిపంతులు. ఆవిడకు పన్నెండో ఏడు వచ్చేసరికి తాతగారిని బదిలీ చేశారు. ఆ తరువాత ఆ నీటి మొహం చూడలేదు. "మన ఇంటి వెనక తాటిచెట్ల మీద గూడబాతులు గూళ్ళు పెట్టేవే. ఒక్కొక్కటీ మేకపిల్లంత ఉండేది. రెక్క విదిలిస్తే చెట్టంతా ఊగేది" అని చెబుతూ ఉండేది. మేకపిల్లంత పక్షి తాటిచెట్టెక్కి కాపురం చేస్తుందా! మేం పిల్లలం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకునేవాళ్ళం.

ఈ మధ్య ఒక పుస్తకం చదువుతూ ఉంటే ఉలిక్కిపడ్డాను. కేరళకు చెందిన పక్షుల పండితుడు కె.కె. నీలకంఠన్ గారు 1946లో కొల్లేటి ప్రాంతాన గూడబాతుల సంతతి స్థావరాన్ని కనిపెట్టి లోకానికి తెలియజేశారట. అప్పుడక్కడ గూళ్ళు కట్టిన పక్షులు మూడు వేల దాకా ఉన్నాయట. 1975 ప్రాంతానికి ఆ స్థావరం పూర్తిగా అదృశ్యమైపోయిందట. వెంటనే అమ్మకు ఫోన్ చేశాను.

"నేను చెబితే నమ్మలేదు. కేరళాయన చెబితే నమ్మేవు!" అంది అమ్మ.

ఇంక ఆలస్యం చెయ్యకూడదనిపించింది. అమ్మకు డెబ్బై ఎనిమిదో ఏడు. ఎడమ కన్ను ఇదివరకే మసక. కుడి కన్నూ అదే దారి పట్టిందని డాక్టరుగారు చెప్పారు. "సురభి వాళ్ళ బహుమతి నీకు వచ్చిందనుకో, బయలుదేరు" అన్నాను. పోయిన డిసెంబరులో రెండు రోజులకు సరిపడా మందులూ, చీరలూ, పులిహోరా కట్టుకుని గూడెంలో పాసింజరెక్కాం.

ఉంగుటూరు, పూళ్ళ, భీమడోలు, దెందులూరు... ప్రతి స్టేషను పేరూ అమ్మ నాకు చదివి వినిపించింది. పేర్లు కనబడి కాదు, కంఠతా వచ్చి. ఏలూరులో ఆ పూట దిగిపోయాం. కృష్ణ కాలువ నీరూ, గోదావరి కాలువ నీరూ కలుసుకునే ఊరది. తివాచీలకూ ఎప్పటినుంచో పేరున్న ఊరు. ఒక తివాచీ చూద్దామంటే అమ్మ "కాళ్ళు తుడుచుకోవడానికి అంత ఖరీదా" అని లేచొచ్చేసింది. ఏలూరును గురించి ఇంతకంటే చెప్పను. మా ఇద్దరి మనస్సూ మర్నాటి మీదే ఉంది.

ఉదయం మంచు విడవకుండానే ఆటో మాట్లాడుకుని కైకలూరు రోడ్డు పట్టాం. 2022లో జిల్లాలు మార్చాక కైకలూరు ఏలూరు జిల్లాలోకి వచ్చింది. అమ్మ లెక్కలో అది ఇప్పటికీ కృష్ణా జిల్లాయే. పెదయెడ్లగాడి వంతెన దగ్గర దిగి నిలబడ్డాం. కృష్ణా గోదావరులు రెండూ చెరోపక్క ఒండ్రు పోసుకుంటూ సముద్రంలోకి డెల్టాలు పెంచుకుపోతే, మధ్య మిగిలిపోయిన పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వగైరాలు తెచ్చిన నీటిని దాచుకుని, ఎక్కువైంది ఉప్పుటేరు గుండా సముద్రానికి పంపుతుంది.

అమ్మ కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూసింది. కనుచూపు మేర గట్లు, గట్ల మధ్య చేపల చెరువులు, చెరువుల మధ్య గుర్రపుడెక్క.

"ఇందులో కొల్లేరేదే?" అంది.

ఏమని చెప్పను? 1970ల నుంచి చెరువులు తవ్వుకుంటూ వచ్చారు. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యమన్నారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల జాబితాలో చేర్చారు. 2006లో "ఆపరేషన్ కొల్లేరు" అంటూ గట్లు పగలగొట్టారు. మళ్ళీ గట్లు లేచాయి. ఆ చెరువుల మీద ఎన్ని సంసారాలు నడుస్తున్నాయో చూస్తే నోరెత్తి ఒక మాట అనడానికీ లేదు. ఇదంతా చెబుతూ ఉంటే అమ్మ విన్నది. ఈసారి సొంత కవిత్వం కలపలేదు.

కైకలూరు పక్కనే ఆటపాక. అటవీశాఖ వారి పక్షి కేంద్రం అక్కడుంది. పడవవాడు "మామ్మగారూ, చెయ్యి ఇవ్వండి, జాగ్రత్త" అంటూ అమ్మను నడిమి బల్ల మీద కూర్చోబెట్టాడు. నీళ్ళ మధ్య చెట్లు. చెట్లు చాలక అటవీశాఖ వారు ఇనప చట్రాలు నాటించారు. చట్రాల మీద బారులు బారులుగా గూడబాతులు! ముక్కు కింద సంచి వేలాడేసుకుని, సంతకు బయలుదేరిన పెద్దమనుషుల్లా ఉన్నాయి. పిల్లలు తల్లి సంచిలోకి తలకాయంతా దూర్చి చేపలు తింటున్నాయి. ఒకటి రెక్కలు చాచి మా నెత్తిమీద నుంచి పోయింది. ఆ రెక్కల చప్పుడు చాపలు దులిపినట్లుంది.

అమ్మ చూడ్డం మానేసి కళ్ళు మూసుకుంది. భయపడి "ఏమైందమ్మా?" అన్నాను.

"ఊరుకో. వింటున్నా. ఇదే చప్పుడు" అంది.

ఆ పడవలోనే, ఎందుకో తెలియదు, ముప్ఫై ఏళ్ళుగా దాచుకున్నది బయటపెట్టాను. ఒక వారం అమ్మ ఇచ్చిన కార్డు నేను డబ్బాలో వెయ్యలేదు. లెక్కల పుస్తకంలో మరిచిపోయాను. తేదీ దాటాక చించి కాలవలో పారేశాను. ఆ వారం ఫలితం కోసం అమ్మ ఎంత కనిపెట్టుకుని కూర్చుందో నాకింకా గుర్తు. "ఆ కార్డుకే వచ్చేదేమోనమ్మా" అన్నాను. గొంతు పట్టుకుంది.

అమ్మ నావైపు తిరిగి, "ఆ వారం నువ్వు రాసిన జవాబు తప్పే. తరవాత వాళ్ళు చెప్పారుగా" అంది. "రెండు రూపాయలు మాత్రం దండగ."

మధ్యాహ్నం కొల్లేటికోట వెళ్ళి పెద్దింట్లమ్మను దర్శించుకున్నాం. ఫాల్గుణంలో ఇక్కడ తిరనాళ్ళు. డిసెంబరు గనక గుళ్ళో ప్రశాంతంగా ఉంది. పూర్వం గజపతుల కోట ఇక్కడుండేదనీ, శత్రువులు కొల్లేటిని ఖాళీ చెయ్యాలని ఉప్పుటేరు తవ్వించారనీ, ఆ యుద్ధంలో ఓడ్ర సేనాని కన్నకూతుర్నే బలి ఇచ్చాడనీ, ఆ పిల్ల వల్లే కాలవకు పేరంటాల కనుమ అని పేరు వచ్చిందనీ ఒక కథ ఉంది. నేను చెబితే అమ్మ కుంకుమ పెట్టుకుంటూ వింది. "చంపడం చంపేసి, పేరంటాలని పేరొకటా!" అంది. ఇంకో చిటికెడు కుంకుమ తీసి నా నుదుటన అద్దింది, కాస్త గట్టిగానే.

తను పుట్టి పెరిగిన లంకకు వెడదామంటే మాత్రం అమ్మ ఒప్పుకోలేదు. ఇల్లు అద్దెది, ఎప్పుడో పడిపోయింది. చెట్లు కొట్టేశారని ఆవిడకెవరో చెప్పారు. "చూసింది చాలు" అంది.

గూడెం చేరిన మర్నాడు పక్కింటి పిన్నిగారు పలకరించడానికొచ్చారు. నేను గదిలో పెట్టె సర్దుకుంటున్నాను. వరండాలోంచి అమ్మ గొంతు వినబడుతోంది. "ఒకటా రెండా, వదినగారూ! నీళ్ళలో తాటిచెట్లు, తాటిచెట్ల నిండా గూళ్ళు. ఒక్కొక్కటీ మేకపిల్లంత! చెట్లు ఊగిపోతున్నాయంటే నమ్మండి."

"ఏమ్మా, నిజమేనా?" అని పిన్నిగారు కిటికీలోంచి నన్నడిగారు.

"నిజమేనండీ. నేను చూశానుగా" అన్నాను.