ఖాళీ అయితే పిలుస్తాను

“ఖాళీ అయితే పిలుస్తాం లెండి” అనే మాట మీద నాకు ఎన్నడూ నమ్మకం లేదు. ఒకసారి పట్నంలో ఒక కుట్టు దుకాణంవారు అలాగే అని, నా పేరు చిత్తుకాగితం మీద రాసుకున్నారు. పండుగ వచ్చింది, వెళ్ళింది. ఆ కాగితం ఏ గుడ్డపేలికల్లో కలిసిపోయిందో!

దువ్వూరులో మా వీధిలోనే ఒకావిడ రవికెలు కుడుతుంది. ఒక్క మిషను, ఒక్క మనిషి. ఆషాఢంలో ఆ మిషను నిద్రపోతుంది. శ్రావణం వచ్చి ముహూర్తాలు మొదలైతే, ప్రొద్దుటూరులో పట్టుచీరలు కొన్నవారంతా ఆ గుమ్మంలోనే.

మా చెల్లెలి కూతురి పెండ్లికి రెండు రవికెలు పట్టుకుని ఆలస్యంగా వెళ్ళాను. “పదిరోజులూ నిండిపోయినాయక్కా. వెయిటింగులో రాసుకుంటా” అంది. రైల్వేవారి వెయిటింగు లిస్టులాగా నంబరు ఇస్తుంది కాబోలు అనుకున్నాను. ఆవిడ ప్రశ్నలు వేరు. ఎన్ని రవికెలు? లైనింగు గుడ్డ తడిపి ఆరేశావా? ఏ తేదీ దాటితే అక్కరలేదు? పిలిస్తే ఎంతసేపట్లో వస్తావు? అడ్వాన్సు ఇవ్వబోతే వద్దంది. “దొరుకుతుందో లేదో తెలీనిదానికి డబ్బెట్ల తీసుకుంటా?”

మూడోనాడు ఒకరింట మైల వచ్చి పెండ్లి వాయిదా పడింది. వారి రోజు ఖాళీ అయింది. చూస్తే, నా తరువాత రాయించుకున్నావిడ రవికె మిషను మీద ఉంది! నాకు ఒళ్ళు మండింది.

“నీకే ముందు ఫోను జేస్తినక్కా. ఎత్తకపోతివి. అరగంట జూసి ఆమెకు జేస్తి.”

పుస్తకం తెరిచి చూపింది. నా పేరు పక్కన ‘10.10, ఎత్తలేదు’ అని ఉంది. పేరు మాత్రం కొట్టెయ్యలేదు, వరుసా మారలేదు. ఆ వేళ నా ఫోను పడకగదిలో ఉంది, నేను పెరట్లో ఉన్నాను. ఎవరిననేది? కె.సి. కాలువ నీళ్ళు వచ్చి నాట్లు సాగే రోజుల్లో, చేలోకి పోయేవారికైతే ముందురోజు రాత్రే ఫోను చేస్తుందట.

ఒక పూట మాత్రమే ఖాళీ వస్తే, మూడు రవికెలవారిని దాటి ఒక్క రవికెవారిని పిలుస్తుంది. ఇది న్యాయమేనా అని అడిగాను. పెద్ద పనివారు ఎప్పటికీ వెనకబడిపోరూ? రెండుసార్లు దాటించినవారికి తరువాత ఖాళీ అయిన పూర్తిరోజు ఇచ్చి తీరుతుందట. నాకు పూర్తిగా నచ్చలేదు గాని, ముందే అందరికీ చెప్పే రాసుకుంటుంది కనుక పోట్లాడలేకపోయాను. పైగా ఊళ్ళో పెద్దింటివారు వచ్చి తొందరపెట్టినా ఆవిడ ‘కాదు’ అని చెప్పే పని లేదు. పుస్తకం వారి ముందుకు జరుపుతుంది.

పెండ్లి ఇంకా నాలుగు రోజులుందనగా ఫోను మోగింది. ఈసారి మొదటి గంటకే ఎత్తాను.

“ఒక్కదానికే చోటుందక్కా. రెండోదానికి ఆశ పెట్టుకోవద్దు. ఇప్పుడే చెప్తే వేరేచోట చూసుకుంటావని చేస్తి.”

పట్టుచీర రవికె ఆవిడ చేతిలో పెట్టి, రెండోదాన్ని సంచిలో వేసుకుని ప్రొద్దుటూరు బస్సెక్కాను.