ఒక్క కేబుల్‌తో రెండు ట్రాకులు

స్టూడియో పరికరాల కేబుళ్లను ఒకచోటికి చేర్చే ప్యాచ్‌బే కొనబోయేవాళ్లు ముందు చూసేది జాక్‌ల సంఖ్య. 48 పాయింట్లంటే ముందువైపు పై వరసలో 24, కింది వరసలో 24. వెనకవైపూ అన్నే, వెరసి 96 జాక్‌లు. ఎత్తేమో 1.75 అంగుళాలే. అయితే ఆ పెట్టె ఎంత పనికొస్తుందో తేల్చేది ఈ అంకెలు కావు. ముందు ఏ కేబులూ పెట్టకుండా వదిలేస్తే సిగ్నల్ ఎటు పోతుందన్నదే అసలు సంగతి.

పరికరాల అవుట్‌పుట్‌లు పై వరసకి, ఇన్‌పుట్‌లు కింది వరసకి కలపడం వాడుక. త్రూ మోడ్‌లో ఆ రెండు వరసలకీ లోపల సంబంధం ఉండదు. ఫుల్ నార్మల్‌లో పైనుంచి కిందికి లోపలే దారి ఉంటుంది, ముందు ఏ జాక్‌లో కేబుల్ పెట్టినా అది తెగుతుంది. హాఫ్ నార్మల్‌లో కింది జాక్‌లో పెడితేనే తెగుతుంది. పై జాక్‌లో పెడితే సిగ్నల్ పాత దారినా వెళుతుంది, కొత్త దారినా వెళుతుంది. ఇంటి స్టూడియోకి నా ఓటు దీనికే.

ఎందుకో చూద్దాం. 8 ఇన్‌పుట్‌లు, 8 అవుట్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్ ఉందనుకోండి. స్పీకర్లకు వెళ్లే 1, 2 అవుట్‌పుట్‌ల జోలికి పోవద్దు. నాలుగు ప్రీ-యాంప్‌లు 1–4 నిలువు జతల్లో పైన, వాటి కింద ఇంటర్‌ఫేస్ 1–4 ఇన్‌పుట్‌లు. 5–6లో కీబోర్డు, దాని కింద 5–6 ఇన్‌పుట్‌లు. 7–8లో పైన ఇంటర్‌ఫేస్ 3–4 అవుట్‌పుట్‌లు, కింద కంప్రెసర్ ఇన్‌పుట్‌లు. 9–10లో కంప్రెసర్ అవుట్‌పుట్‌ల కింద ఈక్యూ. 11–12లో ఈక్యూ అవుట్‌పుట్‌ల కింద ఇంటర్‌ఫేస్ 7–8 ఇన్‌పుట్‌లు. వెనక 24 కేబుళ్లతో సగం బే నిండింది.

ఇప్పుడు పాట రికార్డింగు. గొంతు మొదటి ప్రీ-యాంప్‌లోకి వస్తోంది. 1వ పై జాక్ నుంచి 7వ కింది జాక్‌కి ఒక్క కేబుల్ పెట్టండి. గొంతు ఎప్పటిలాగే మొదటి ట్రాక్‌లోకి శుభ్రంగా చేరుతుంది. అదే గొంతు కంప్రెసర్, ఈక్యూ దాటుకుని ఏడో ట్రాక్‌లోనూ పడుతుంది. రేపు కంప్రెషన్ ఎక్కువైందనిపిస్తే మళ్లీ పాడించక్కర్లేదు. ఫుల్ నార్మల్ అయ్యుంటే మొదటి ట్రాక్‌కి మిగిలేది నిశ్శబ్దమే.

సిగ్నల్‌ని ఇలా పంచితే బలం తగ్గదా? తగ్గేది లెక్కలోకి రానంత. 150 ఓమ్‌ల అవుట్‌పుట్‌కి 10 కిలో ఓమ్‌ల ఇన్‌పుట్ ఒకటి బదులు రెండు తగిలిస్తే అదనపు నష్టం సుమారు 0.13 డెసిబెల్. చెవికి అందేది కాదు. ఒక అవుట్‌పుట్‌ని రెండు ఇన్‌పుట్‌లకు పంచొచ్చు కానీ రెండు అవుట్‌పుట్‌లను ఒకే ఇన్‌పుట్‌లో కలపకూడదు. అవి ఒకదానికొకటి భారమవుతాయి. కలపాలంటే మిక్సర్ కావాలి.

మైకు కేబుళ్లు నేరుగా ప్రీ-యాంప్‌కే వెళ్లాలి. ప్యాచ్‌బే జాక్‌లోకి ప్లగ్ జారేటప్పుడు కొనలోని లోహం పక్క కాంటాక్టులను తాకుతుంది, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఆన్‌లో ఉంటే అక్కడే షార్ట్. పవర్ యాంప్ నుంచి స్పీకర్‌కి వెళ్లే తీగకీ ఇక్కడ చోటు లేదు.

ఒకే పరికరం అవుట్‌పుట్, ఇన్‌పుట్ ఒకే నిలువు జతలో పెట్టాల్సివస్తే దాన్ని త్రూకి మార్చండి. లేకపోతే కంప్రెసర్ తన అరుపు తనకే వినిపించుకుంటూ గోల చేస్తుంది. కొన్ని బేలకి మోడ్ స్విచ్‌లు పైమూత మీద ఉంటాయి కాబట్టి ఈ మార్పులన్నీ ర్యాక్‌లో బిగించకముందే.