పాపికొండలు టూర్‌కి వెళ్తున్నారా? బోటు ఎక్కే ముందు గోదావరి లెక్క ఒకసారి చూడండి!

కార్తీక మాసం మొదలైందంటే చాలు.. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో పాపికొండల ఫొటోలు తిరగడం మొదలవుతుంది. పొద్దున్నే బోటెక్కడం, లోపలే టిఫిన్, పేరంటపల్లిలో శివాలయం దర్శనం, మధ్యాహ్నం బోటులోనే భోజనం, చీకటి పడేలోపు తిరిగి రేవుకు చేరడం. పెద్దవాళ్లు నడవక్కర్లేదు, పిల్లలకు బోర్ కొట్టదు. ఒక్క రోజులో అయిపోయే టూర్ కాబట్టి రాజమండ్రి నుంచి, భద్రాచలం నుంచి ఏటా వేల మంది వెళ్తున్నారు.

బుకింగ్ చేసేటప్పుడు టికెట్ ఎంత, ఏసీ ఉందా, భోజనంలో ఏం పెడతారు అని అడగని వాళ్లుండరు. కానీ ఇవాళ గోదావరిలో నీళ్లెన్ని ఉన్నాయని అడిగేవాళ్లు చాలా తక్కువ. అసలు అడగాల్సింది అదే.

2019లో ఏం జరిగింది?

2019 సెప్టెంబర్ 15, ఆదివారం. అప్పటి తూర్పు గోదావరి జిల్లా దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట అనే టూరిస్టు బోటు మునిగిపోయింది. మధ్యాహ్నం, సరిగ్గా భోజనాల వేళ. హైదరాబాద్, వరంగల్, విశాఖ నుంచి కుటుంబాలతో, స్నేహితులతో వచ్చినవాళ్లే అందులో ఎక్కువ. బోటులో ఎంతమంది ఉన్నారో కూడా వెంటనే తేలలేదు. మొదట అరవై చిల్లర అన్నారు. చివరికి 77 అని తేలింది. బతికింది 26 మంది. వాళ్లలోనూ చాలామందిని కాపాడింది నాటు పడవలేసుకుని పరుగున వచ్చిన దగ్గరి ఊళ్ల గిరిజనులే. బోటును బయటకు తీయడానికి 38 రోజులు పట్టింది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబర్ 22న దాన్ని ఒడ్డుకు చేర్చింది.

ఆ రోజు నదిలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం ఉంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే సుమారు 28 లీటర్లు. ఆ లెక్కన 5 లక్షల క్యూసెక్కులంటే సెకనుకు దాదాపు 1.4 కోట్ల లీటర్లు. ఇంకా సింపుల్‌గా చెప్పాలంటే 10 వేల లీటర్ల నీళ్ల ట్యాంకర్లు 1,400 ఒక్క సెకనులో మీ ముందు నుంచి వెళ్లిపోయినట్టు!

హెచ్చరిక లేదు కదా.. వెళ్లొచ్చా?

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 10 లక్షల క్యూసెక్కులకు. రెండోది 13 లక్షలకు, మూడోది 17 లక్షలకు. అంటే కచ్చులూరు ప్రమాదం జరిగిన రోజు ప్రవాహం మొదటి హెచ్చరికలో సగం మాత్రమే! టీవీలో 'ప్రమాద హెచ్చరిక' స్క్రోలింగ్ రాలేదంటే నది ప్రశాంతంగా ఉన్నట్టు కాదు. ఆ హెచ్చరికలు లంక గ్రామాలు, లోతట్టు ప్రాంతాల కోసం పెట్టినవి. బోటు షికారు కోసం కాదు.

పైగా పాపికొండల దగ్గర నది తీరే వేరు. రాజమండ్రిలో గోదావరి రెండున్నర కిలోమీటర్లకు పైగా వెడల్పు ఉంటుంది. అదే నది పైన కొండల మధ్య కొన్ని వందల మీటర్లకు కుదించుకుపోతుంది. నీళ్లు అవే, దారి మాత్రం ఇరుకు. దాంతో లోతు పెరుగుతుంది, వేగం పెరుగుతుంది, మలుపుల దగ్గర సుడులు లేస్తాయి. పైకి మాత్రం అద్దంలా మెరుస్తూ కనిపిస్తుంది, సెల్ఫీకి భలే ఉంటుంది కూడా. ఇంజిన్ బలం సరిపోక బోటు ఒక్కసారి పక్కకు తిరిగిందంటే సరంగు చేతిలో ఏమీ ఉండదు.

రాజమండ్రిలో ఎండ కాస్తోంది కదా అనుకోవడం ఇంకో పొరపాటు. ఇక్కడికి వచ్చే నీళ్లు ఇక్కడి వానవి కావు. ప్రాణహిత, ఇంద్రావతి నదులు మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వరద తెస్తాయి. అది భద్రాచలం మీదుగా కిందికి దిగుతుంది. భద్రాచలంలో హెచ్చరికలు 43, 48, 53 అడుగుల దగ్గర ఇస్తారు. అయితే భద్రాచలం లెక్క ఒక్కటే చూస్తే సరిపోదు. దాని కింద కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది. ఆ నీళ్లు కూడా పాపికొండల మధ్య నుంచే పోవాలి.

వరదల సీజన్‌లో ఏపీ విపత్తుల నిర్వహణ సంస్థ భద్రాచలం, ధవళేశ్వరం లెక్కలు రోజూ ప్రకటిస్తుంది. కేంద్ర జల సంఘం వెబ్‌సైట్‌లోనూ దొరుకుతాయి. ఒక్క రోజు అంకె చూస్తే సరిపోదు. నిన్న ఎంత, ఇవాళ ఎంత? తగ్గుతోందా, పెరుగుతోందా? పెరుగుతుంటే టూర్ వాయిదా వేసుకోవడమే బెటర్, ఆపరేటర్ ఏం చెప్పినా సరే.

కచ్చులూరు తర్వాత ఏం మారింది?

ప్రమాదం తర్వాత బోట్లు ఆగిపోయాయి. 2020లో ఏపీ ప్రభుత్వం రాష్ట్రంలో 9 చోట్ల కంట్రోల్ రూములకు శంకుస్థాపన చేసింది. వాటిలో గండి పోచమ్మ, పేరంటపల్లి, పోచవరం ఈ రూట్‌లోనివే. 2021 నవంబర్‌లో పాపికొండల టూర్ మళ్లీ మొదలైంది. రాజమండ్రి వైపు నుంచి వచ్చేవాళ్లు గండి పోచమ్మ గుడి దగ్గర, భద్రాచలం వైపు నుంచి వచ్చేవాళ్లు పోచవరంలో బోటు ఎక్కుతారు.

ఇంకో మార్పు కూడా ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. పోలవరం ముంపు వల్ల దేవీపట్నం మండలంలో ఒడ్డున ఉన్న చాలా ఊళ్లు ఖాళీ అయ్యాయి. 2019లో పడవలేసుకుని వచ్చినట్టు ఈసారి కూడా ఎవరో వస్తారని అనుకోవడానికి లేదు. మధ్యలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా అందదు.

అందుకే రేవులోనే కొంచెం గట్టిగా ఉండండి. ప్రయాణికుల జాబితాలో మీ ఇంట్లో అందరి పేర్లూ ఉన్నాయో లేదో చూడండి. టికెట్ లేదని చంటిపిల్లల పేరు వదిలేస్తుంటారు. రాయించండి. లైఫ్ జాకెట్ సీటు కింద ఉంటే లాభం లేదు, ఒంటి మీద ఉండాలి. పిల్లలకు పెద్దవాళ్ల సైజు తగిలించేసి అయిపోయిందనిపించొద్దు. జాకెట్ వేశాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా వచ్చేసిందంటే అది లూజు, నీళ్లలో పిల్లాడు కిందికి జారిపోతాడు. చిన్న సైజు అడగండి. లేదంటే ఆ బోటు మనకొద్దు.

ఉక్కపోస్తోందనీ, భోజనానికి అడ్డమనీ జాకెట్ విప్పేస్తుంటారు. కచ్చులూరు ప్రమాదం జరిగింది కూడా భోజనాల టైమ్‌లోనే అన్నది గుర్తుంచుకోండి.

పై డెక్ మీద పాటలు, డ్యాన్సులు మామూలే. అయితే జనమంతా పైన చేరితే బోటు బరువు కింద కాకుండా పైన ఉంటుంది, కొంచెం ఒరిగినా మళ్లీ నిలబడటం కష్టం. కొండ కనిపించగానే అందరూ ఫొటో కోసం ఒకే పక్కకు పరిగెత్తడం ఇంకా డేంజర్. కింది ఏసీ గదిలో కూర్చునే పెద్దవాళ్లను తలుపు దగ్గర సీట్లలోనే కూర్చోబెట్టండి.

ఎండాకాలంలో వరద ఉండదు కానీ గాలి ఉంటుంది. 2018 మే 15న మంటూరు దగ్గర ఒక లాంచీ గాలివానకు మునిగి దాదాపు 20 మంది చనిపోయారు. అది టూరిస్టు బోటు కాదు, ఊళ్లకు తిరిగే లాంచీ. వాన పడుతోందని తలుపులు, కిటికీలు మూసుకుని లోపల కూర్చున్నవాళ్లు బయటికి రాలేకపోయారు. మే నెలలో సాయంత్రం ట్రిప్ అంటే ఈ సంగతి ఆలోచించండి.

బోటు క్యాన్సిల్ అయితే?

సెలవు పెట్టుకుని, రైలు టికెట్లు కొనుక్కుని వచ్చాక రేవులో 'ఇవాళ బోట్లు లేవు' అంటే ఎవరికైనా కోపం వస్తుంది. కొందరు సిబ్బందితో గొడవకు కూడా దిగుతుంటారు. ముందే ప్లాన్ బి పెట్టుకుంటే ఆ తిప్పలుండవు. గండి పోచమ్మ వరకు వచ్చినవాళ్లు రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి అడవికి వెళ్లొచ్చు. ఆ రోడ్డు ప్రయాణమే ఒక టూర్. రాజమండ్రిలోనే ఉంటే ధవళేశ్వరం బ్యారేజీ, అక్కడి కాటన్ మ్యూజియం, కడియం నర్సరీలు ఉన్నాయి. భద్రాచలం వైపు వాళ్లకు రామాలయం, పర్ణశాల ఎలాగూ ఉన్నాయి. బుకింగ్ చేసేటప్పుడే, వరద వల్ల బోటు ఆగితే డబ్బు వెనక్కిస్తారా లేక వేరే తేదీ ఇస్తారా అని అడిగి మెసేజ్ రూపంలో తీసుకోండి.

బయల్దేరే ముందు బోటు పేరు, రేవు పేరు, తిరిగొచ్చే టైమ్ ఇంటి దగ్గర ఉన్నవాళ్లకు పంపండి. బోటు కదిలిన కాసేపటికే సిగ్నల్ పోతుంది, ఆ మెసేజ్ ఒడ్డున ఉండగానే వెళ్లిపోవాలి.