పాత ఇంజన్ బాగుచేయిస్తున్నారా? కార్బురేటరా, ఫ్యూయెల్ ఇంజెక్షనా?

పాతికేళ్ల నాటి బుల్లెట్ ఇంజన్‌ను విప్పి, సిలిండర్‌కు బోరింగ్ చేయించి, కొత్త పిస్టన్, రింగులు వేయించడానికి సిద్ధపడిన యజమానికి మెకానిక్ షెడ్డులో ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఎలాగూ ఇంజన్ మొత్తం విప్పారు కనుక, పాత కార్బురేటర్‌ను పక్కనపెట్టి ఫ్యూయెల్ ఇంజెక్షన్ అమర్చుకుంటే సరిపోదా? ప్రశ్న చిన్నదే. తొందరపడి ఇచ్చే సమాధానం మాత్రం మరమ్మతుకు పెట్టిన ఖర్చంతటినీ వృథా చేయగలదు.

ఈ ప్రశ్నకు ఇప్పుడు ప్రాధాన్యం పెరగడానికి కారణం బంకులో దొరికే పెట్రోలే. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన ఈ20 ఇంధనాన్ని 2023 ఫిబ్రవరిలో ప్రారంభించగా, 2025 నాటికి అది దేశమంతటా సాధారణ పెట్రోలు స్థానాన్ని ఆక్రమించింది. ఇథనాల్ కలపని పెట్రోలును కూడా అందుబాటులో ఉంచాలంటూ దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని అదే ఏడాది సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. అంటే పాత బండికైనా కొత్త బండికైనా ఇంధనం ఒక్కటే.

ఇంజన్‌లో ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువు లెక్కన 14.7 పాళ్ల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 పాళ్లు చాలు. రెండూ కలిసిన ఈ20కి ఈ నిష్పత్తి సుమారు 13.5కు దిగుతుంది. మరోలా చెప్పాలంటే, లోపలికి వెళ్లే గాలి అంతే ఉన్నప్పుడు ఇంధనం సుమారు తొమ్మిది శాతం ఎక్కువగా అందాలి. ఆ అదనపు ఇంధనాన్ని ఎవరు అందిస్తారన్నదే అసలు విషయం.

కార్బురేటర్ అందించలేదు. గాలి ఇరుకు దారిలో వేగంగా సాగినప్పుడు అక్కడ పీడనం తగ్గి, జెట్ అనే సన్నని రంధ్రం గుండా పెట్రోలు పైకి వస్తుంది. ఆ రంధ్రం పరిమాణం ఫ్యాక్టరీలో నిర్ణయమైనది. పెట్రోలు మారిందన్న సంగతి దానికి తెలిసే మార్గం లేదు. ఎత్తు మారినా అంతే. సముద్రమట్టం దగ్గర చక్కగా నడిచే బండి 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్ చేరేసరికి గాలి మూడింట రెండు వంతులకు పలచబడుతుంది, కార్బురేటర్ మాత్రం ఇంచుమించు పాత లెక్కనే పెట్రోలు పోస్తూ ఉంటుంది. సైలెన్సర్ నుంచి నల్లటి పొగ, ఎక్కుడులో నీరసం అందుకే.

ఇంజెక్షన్ పద్ధతిలో పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ మంట తీరును గమనిస్తూ ఉంటుంది. ఆ సమాచారంతో పాటు ఇంజన్ వేడి, గాలి పీడనం, థ్రాటిల్ ఎంత తెరిచారన్నది లెక్కగట్టి, ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరుచుకోవాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ఇథనాల్ పెరిగితే, కొంత పరిమితి వరకు, తనంతట తానే ఇంధనాన్ని పెంచుకుంటుంది. ద్విచక్ర వాహనాల్లో అత్యధికం 2020 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన బీఎస్-6 నిబంధనలతో ఈ పద్ధతికి మారింది అందుకే. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 కూడా ఆ ఏడాదే కార్బురేటర్‌కు వీడ్కోలు పలికింది.

ఇంతవరకు చదివితే తీర్పు ఇంజెక్షన్ వైపే అనిపిస్తుంది. చిక్కంతా అమరికలో ఉంది. ఇంజెక్షన్ అనేది కార్బురేటర్ స్థానంలో బిగించే ఒక్క వస్తువు కాదు, ఒక కుటుంబం. ట్యాంకులో అధిక పీడనమిచ్చే ఎలక్ట్రిక్ పంపు కావాలి. ఆ పంపుకు నిరంతరం కరెంటు ఇవ్వగల ఆల్టర్నేటర్, ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ కావాలి. క్రాంక్ ఎక్కడ తిరుగుతోందో చెప్పే పళ్ల చక్రం, దాని సెన్సర్ ఉండాలి. ఆక్సిజన్ సెన్సర్ కోసం పొగగొట్టానికి వెల్డింగ్ చేయించాలి. పాయింట్లతో ఇగ్నిషన్ నడిచే పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌లో వీటిలో ఏ ఒక్కటీ ఇంజెక్షన్‌కు పనికొచ్చేలా ఉండదు. అన్నీ సమకూర్చినా, ఆ ఇంజన్‌కు తగిన ఇంధన పట్టికను కంప్యూటర్‌లో రాయించాలి. ఆ పని తెలిసినవారు పెద్ద నగరాల్లోనే అరుదు. సగం అమర్చిన ఇంజెక్షన్ కంటే బాగా శుభ్రం చేసిన కార్బురేటర్ వెయ్యి రెట్లు నయం.

మారుతి 800 సంగతి వేరు. 2000 ప్రాంతంలో కంపెనీయే దానికి ఇంజెక్షన్ ఇచ్చింది కనుక ఫ్యాక్టరీ విడిభాగాలు ఉన్నాయి. అయినా పాత కారులోకి ఆ ఇంజన్‌ను మార్చితే ఇంజన్ నంబరు మారుతుంది. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతించదు. కాబట్టి పాత ఇంజన్ విప్పించకముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మంచిది.

మరి కార్బురేటర్‌తోనే ఉండదలచినవారి మాటేమిటి? ఇథనాల్ చేసే హాని రెండు విధాలు. మైలేజీ తగ్గడం మొదటిది. 2021లో నీతి ఆయోగ్ విడుదల చేసిన మార్గసూచి, ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొంది ఈ10కు సర్దుబాటు చేసిన ద్విచక్ర వాహనాల్లో 3 నుంచి 4 శాతం, కార్లలో 6 నుంచి 7 శాతం తగ్గుదల ఉండొచ్చని అంచనా వేసింది. రెండోది నిదానంగా జరుగుతుంది. పాత రబ్బరు పైపులు, వాషర్లు ఉబ్బి పగుళ్లు తీస్తాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకోవడంతో నెలల తరబడి కదలని బండిలో ఫ్లోట్ గిన్నె అడుగున తుప్పు, తెల్లటి పొడి చేరతాయి. మైలేజీ గురించి జరిగినంత చర్చ ఈ రెండో నష్టం గురించి జరగలేదు.

ఇంజన్ విప్పి ఉన్నప్పుడే ఈ రెండింటికీ విరుగుడు చేయించుకోవచ్చు. ట్యాంకు నుంచి కార్బురేటర్ వరకు రబ్బరు భాగాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రకంతో మార్పించాలి. అరిగిన నీడిల్, దాని సీటు కొత్తవి వేయించాలి. మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది ప్రయత్నించాలి. వీటన్నిటికీ అయ్యే ఖర్చు ఇంజెక్షన్ అమరికతో పోలిస్తే స్వల్పం. పైగా ఊరి మెకానిక్ చేతికి అలవాటైన పని. బ్యాటరీ డీలాపడినా కిక్కు కొట్టి లేపగలిగే సౌలభ్యం పాత బుల్లెట్ యజమానులకు మిగులుతుంది.

కొత్త పిస్టన్ వేసిన తర్వాత మొదటి కొన్ని వందల కిలోమీటర్లు ఇంజన్‌ను తొందరపెట్టకుండా నడిపి, ఒకసారి స్పార్క్ ప్లగ్ విప్పించి చూడాలి. దాని పింగాణీ కొస లేత ఇటుక రంగులో ఉంటే పాళ్లు కుదిరినట్టు. మసి పట్టి ఉంటే ఇంధనం ఎక్కువైనట్టు. తెల్లగా కాలి కనిపిస్తే ఇంధనం చాలడం లేదని అర్థం, అప్పుడు బండిని ఇంకా నడపకుండా జెట్ మార్పించాలి.